గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవాల స్నిగ్ధత కొలవడం ఎలా: తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

పుస్తకంలో నీటి స్నిగ్ధత, అంటే పారడానికి అది చూపే లోపలి నిరోధం, 1.002 మిల్లీపాస్కల్-సెకను అని ఉంటుంది. అది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరి విలువ. 25 దగ్గర 0.89కి, 30 దగ్గర 0.80కి, 40 దగ్గర 0.65కి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఫ్యాను తిరుగుతున్న గదిలో థర్మామీటరు 34 చూపిస్తే మన గది ఉష్ణోగ్రత అదే. పుస్తకం అనుకున్న 20 కాదు, 25 కూడా కాదు. 20 దగ్గరి విలువతో పోలిస్తే నీటి విషయంలో ఈ తేడా పాతిక శాతం దాటుతుంది. ఆముదానికి వస్తే లెక్కే మారిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 986 ఉన్నది 30 దగ్గర 451కి, 40 దగ్గర 231కి పడిపోతుంది. చలికాలం తెల్లవారుజామున పలమనేరులో 20 డిగ్రీలున్న గదిలో కొలిచిన ఆముదాన్నే ఎండాకాలం తిరుపతిలో కొలిస్తే మూడో వంతుకు కాస్త పైన వస్తుంది. సీసా అదే, కొలిచిన మనిషీ అదే.

అందుకే ఉష్ణోగ్రత రాయని స్నిగ్ధత విలువను నేను అసలు విలువగా లెక్కపెట్టను. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ పట్టింపు మీదే నడుస్తాయి. డిగ్రీ విద్యార్థులు, సైన్స్ ఫెయిర్‌కి పిల్లలను తయారుచేసే టీచర్లు, ఇంట్లోనే చేసి చూడాలనుకునేవాళ్లు ఎవరైనా చేయగలిగేలా రాస్తున్నాను. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి.

కొలిచేది ఏమిటి

ద్రవం పారుతున్నప్పుడు దాని పొరలు పేక ముక్కల కట్టలా ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆ జారుడుకు లోపలి నుంచి వచ్చే నిరోధమే స్నిగ్ధత. ఆ నిరోధం పొరల మధ్య వేగం తేడాకు అనుపాతంలో ఉంటుందని న్యూటన్ 1687లో ప్రతిపాదించాడు. ఆ మాటకు కట్టుబడే ద్రవాలను న్యూటోనియన్ ద్రవాలంటాం. నీళ్లు, నూనెలు, గ్లిజరిన్, చక్కెర నీళ్లు ఈ కోవలోవి. రక్తం సన్నని నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలని ఫ్రెంచి వైద్యుడు పాయిజీ 1840 ప్రాంతంలో గాజు కేశనాళికలతో ప్రయోగాలు చేశాడు. పాయిజ్ అనే ప్రమాణం ఆయన పేరు మీద వచ్చిందే. ఒక సెంటీపాయిజ్, ఒక మిల్లీపాస్కల్-సెకను రెండూ ఒకటే. ఇకపై దీన్ని మి.పా.సె. అని రాస్తాను.

సాంద్రతనూ స్నిగ్ధతనూ కలిపేసుకోవద్దు. పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లు బరువైనా దాని స్నిగ్ధత 1.5 మాత్రమే. ఆముదం నీటి మీద తేలుతుంది, కానీ 20 డిగ్రీల దగ్గర నీటికంటే దాదాపు వెయ్యి రెట్లు స్నిగ్ధం. పాదరసం మాట ఉదాహరణకే చెప్పాను. దాని ఆవిరి విషం కాబట్టి ఇంట్లో దాని జోలికి పోవద్దు.

ముందే సమకూర్చుకోవాల్సినవి

మెడికల్ షాపులో 10 మి.లీ. సిరంజి, 23 గేజ్ సూది (నీలం రంగు పిడి), 18 గేజ్ సూది (గులాబీ రంగు పిడి), ఒక సీసా గ్లిజరిన్, డిస్టిల్డ్ వాటర్ దొరుకుతాయి. సైకిల్ షాపులో చిన్న స్టీలు బాల్స్ అడగండి. 3.175 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి, అంటే అంగుళంలో ఎనిమిదో వంతువి, ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. ఒక్క గ్రాము తేడా చూపించే కాటా, స్క్రూగేజ్ లేదా వెర్నియర్, అర డిగ్రీ వరకు చదవగల థర్మామీటరు, నిటారుగా పట్టే స్టాండు, కనీసం పాతిక సెంటీమీటర్ల ఎత్తున్న గాజు కొలజాడీ కూడా కావాలి. స్టాప్‌వాచ్‌కీ, వీడియోకీ ఫోన్ ఉండనే ఉంది.

సూదులతో జాగ్రత్త. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పనయ్యాక సూదిని గట్టి డబ్బాలో వేసి మూత బిగించాకే పారేయాలి.

మొదటి అడుగు: ఉష్ణోగ్రతను కట్టడి చేయడం

ఈ అడుగు దాటేస్తే మిగతాదంతా వృథా. నీటికి డిగ్రీకి రెండు శాతం చొప్పున స్నిగ్ధత తగ్గుతుంది. ఆముదానికి, గ్లిజరిన్‌కు అది దాదాపు ఎనిమిది శాతం. రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే గ్లిజరిన్ విలువలో పదిహేను శాతం తప్పు ఖాయం.

పెద్ద ప్లాస్టిక్ బక్కెట్లో నీళ్లు పోసి, కొలవాల్సిన ద్రవాన్ని సీసాతో సహా అందులో అరగంట ఉంచండి. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు వేడిగా ఉంటాయి. కుండ నీళ్లు గానీ నాలుగు ఐసు ముక్కలు గానీ కలిపి కావాల్సిన ఉష్ణోగ్రతకు తెచ్చుకోండి. మన ప్రాంతానికి 30 డిగ్రీలను ఎంచుకోమని నా సలహా. ఏడాదిలో చాలా నెలలు మన గదులు దానికి దగ్గరగానే ఉంటాయి, పోల్చుకోవడానికి 30 డిగ్రీల పట్టిక విలువలూ దొరుకుతాయి. 25 కోసం పట్టుబడితే కొలత సగంలో ఉండగానే ద్రవం వేడెక్కిపోతుంది. థర్మామీటరును బక్కెట్లో కాకుండా ద్రవంలోనే పెట్టి చదవండి. కొలతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసి రెండూ రాసుకోండి.

ఏ ద్రవానికి ఏ పద్ధతి

ఒకే పద్ధతితో అన్నీ కొలవలేం. నీళ్లు, పాలు, ఉప్పునీళ్లు, పలచని చక్కెర నీళ్లు పది మి.పా.సె. లోపు ఉంటాయి. వీటికి సన్న సూది. వంటనూనెలు కొన్ని పదుల్లో ఉంటాయి. వీటికి లావు సూది. ఆముదం, గ్లిజరిన్, తేనె వందలు దాటి వేలల్లోకి పోతాయి. వీటికి స్టీలు బాల్.

పలచని ద్రవాలు: సన్న సూది పద్ధతి

కాలేజీ ల్యాబులో ఆస్వాల్డ్ విస్కోమీటరు (స్నిగ్ధత కొలిచే గాజు గొట్టం) చేసే పనే ఇది. తెలిసిన ద్రవం సన్న గొట్టంలో దిగడానికి పట్టిన కాలాన్ని, తెలియని ద్రవానికి పట్టిన కాలంతో పోలుస్తాం.

1. సిరంజి పిస్టన్ తీసేసి, నీలం సూది బిగించి, స్టాండుకు నిటారుగా పట్టించండి.

2. కింద వెడల్పాటి గాజు గిన్నె పెట్టి, కొలవబోయే ద్రవాన్నే అందులో కొంచెం పోయండి. సూది కొన ఆ ద్రవంలో మూడు, నాలుగు మిల్లీమీటర్లు మునగాలి. చాలామంది ఇది వదిలేస్తారు. కొన గాలిలో ఉంటే అక్కడ బొట్టు వేలాడుతుంది. ఆ బొట్టు తలతన్యత ప్రవాహాన్ని వెనక్కి పడుతుంది. నీటి తలతన్యత, నూనె తలతన్యత ఒకటి కాదు కనుక పోలిక చెడిపోతుంది. కొన మునిగితే బొట్టే ఉండదు.

3. సిరంజిలో పై గీత దాటేవరకు ద్రవం పోయండి. మట్టం 9 మి.లీ. గీతను తాకగానే గడియారం మొదలుపెట్టి, 4 మి.లీ. గీత దగ్గర ఆపండి. నీటికి కొన్ని నిమిషాలు పడుతుంది. కంగారు పడి పిస్టన్‌తో తోయకూడదు.

4. మొదట డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి. కాలాలు ఒకదానికొకటి ఒక శాతం లోపు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేసి సగటు తీసుకోండి.

5. అదే సిరంజి, అదే సూది, గిన్నెలో అదే మట్టం. ఇప్పుడు తెలియని ద్రవంతో చేయండి.

6. రెండు ద్రవాల సాంద్రతలు కావాలి. ఖాళీ సీసాను తూచి, 100 మి.లీ. ద్రవం పోసి మళ్లీ తూస్తే సరిపోతుంది.

లెక్క తేలికే. తెలియని ద్రవం సాంద్రతను దాని కాలంతో గుణించండి. నీటి సాంద్రతను నీటి కాలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఆ ఉష్ణోగ్రత దగ్గరి నీటి స్నిగ్ధతతో గుణిస్తే జవాబు వస్తుంది. 30 డిగ్రీల దగ్గర నీటికి 240 సెకన్లు, 20 శాతం చక్కెర నీళ్లకు 419 సెకన్లు పట్టాయనుకుందాం. సాంద్రతలు 0.996, 1.078. అప్పుడు 1.078ని 419తో గుణిస్తే 451.7, 0.996ని 240తో గుణిస్తే 239.0. నిష్పత్తి 1.89. దాన్ని 0.80తో గుణిస్తే 1.51 మి.పా.సె.

సూదిని మధ్యలో ఎందుకు మార్చకూడదో కూడా తెలుసుకోవాలి. పాయిజీ కనుక్కున్నదాని ప్రకారం ప్రవాహం గొట్టం వ్యాసార్ధం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. లోపలి వ్యాసం 5 శాతం తగ్గితే చాలు, ప్రవాహం దాదాపు 19 శాతం పడిపోతుంది. ఒకే డబ్బాలోని రెండు సూదుల మధ్య అంతకంటే చిన్న తేడా ఉన్నా మన లెక్కకు అది పెద్దదే. పాలను మీగడ లేకుండా సన్నని గుడ్డలో వడకట్టి పోయమనేది కూడా అందుకే. ఒక్క నలుసు ఇరుక్కుంటే చాలు. ఈ పద్ధతిలో పట్టిక విలువకు నాలుగైదు శాతం దగ్గరికి వస్తే బాగా చేసినట్టే.

పాల గురించి ఒక మాట. 20 డిగ్రీల దగ్గర పాలు 2 మి.పా.సె. ప్రాంతంలో ఉంటాయి. కానీ ఈ కొలతతో పాలలో నీళ్లు కలిపారో లేదో తేల్చకండి. వెన్న శాతం మారినా, పాలు కాస్త వేడెక్కినా విలువ మారుతుంది. ఒకరి మీద నింద వేయడానికి ఈ కొలత సరిపోదు.

వంటనూనెలు: లావు సూది, గ్లిజరిన్ కొలబద్ద

వేరుశనగ నూనెను, మన చెనిక్కాయ నూనెను, నీలం సూదిలో పోస్తే పూట గడుస్తుంది. గులాబీ సూది పెట్టండి. 5 మి.లీ. బదులు 2 మి.లీ. దిగే కాలం చూస్తే చాలు.

ఇక్కడ నీటితో పోల్చకూడదు. లావు సూదిలో నీళ్లు మరీ వేగంగా దూకుతాయి, పీడనంలో కొంత భాగం వేగానికే ఖర్చయిపోతుంది. నూనె దరిదాపుల్లో ఉండే, విలువ తెలిసిన ద్రవం కావాలి. గ్లిజరిన్, నీళ్లు కలిపి దాన్ని మనమే చేసుకోవచ్చు. 80 గ్రాముల గ్లిజరిన్‌లో 20 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ కలిపితే 20 డిగ్రీల దగ్గర 60, 30 దగ్గర 34 మి.పా.సె. వస్తుంది. ఇంకా పలచన కావాలంటే సగం సగం కలపండి. అది 20 దగ్గర 6.0, 30 దగ్గర 4.2. చిక్కన కావాలంటే 90 శాతం కలపండి. అది 20 దగ్గర 219, 30 దగ్గర 109. పాళ్లన్నీ బరువుతోనే తీసుకోవాలి, మి.లీ.తో కాదు.

గ్లిజరిన్ సీసా మూత తెరిచి వదిలేయకండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు బొత్తిగా లేని గ్లిజరిన్ 20 డిగ్రీల దగ్గర 1410 మి.పా.సె. అందులో రెండే రెండు శాతం నీరు చేరితే 939కి దిగుతుంది. మూడో వంతు పోయినట్టే. వానాకాలంలో దీన్ని ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సీసా మీద ఉన్న స్వచ్ఛత శాతం చూసి, అందులోని నీటిని కూడా లెక్కలో కలుపుకోండి.

క్రమం కూడా ముఖ్యమే. ముందు గ్లిజరిన్ ద్రావణం కొలవండి, అది నీళ్లతో శుభ్రంగా పోతుంది. సూదిని పూర్తిగా ఆరబెట్టి, తర్వాత నూనె పోయండి. నూనె తాకిన సూదిని మళ్లీ నీటి ద్రావణాలకు వాడకండి.

కొబ్బరినూనె, నెయ్యి వేరే సంగతి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. నెయ్యి మన మామూలు గదిలోనే సగం పూస, సగం ద్రవం. పూస ఉన్నంతసేపూ కొలిచే విలువకు అర్థం లేదు. నెయ్యిని 40 డిగ్రీల పైన, పూర్తిగా కరిగాకే కొలవండి.

ఆముదం, గ్లిజరిన్, తేనె: స్టీలు బాల్ పద్ధతి

స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రం దీనికి ఆధారం. చిక్కని ద్రవంలో పడుతున్న గుండు కాసేపటికి స్థిర వేగం అందుకుంటుంది. గుండు బరువు, ద్రవం పైకి నెట్టే బలం, స్నిగ్ధత నిరోధం అప్పటికి సరిసమానం అవుతాయి. చూస్తుంటే కంటికి ఎంతో హాయిగా ఉండే ప్రయోగం ఇది. పిల్లలకు ముందుగా దీన్నే చూపించమంటాను.

ద్రవాన్ని జాడీలోకి గోడ వెంబడి నెమ్మదిగా దించండి. బుడగలు పోయేదాకా ఆగాలి. తేనె అయితే రాత్రంతా వదిలేయండి. తేనెలో చక్కెర పలుకులు కట్టి ఉంటే సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి ముందు కరిగించుకోండి.

జాడీకి రబ్బరు బ్యాండ్లతో మూడు గుర్తులు పెట్టండి. పైది ద్రవం మట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల కింద, కిందది అడుగుకు అంతే పైన, మూడోది రెండింటి నడుమ సరిగ్గా సగంలో. స్టీలు బాల్‌ను శుభ్రంగా తుడిచి, అదే ద్రవంలో ఒకసారి ముంచి, జాడీ నడిబొడ్డున ఉపరితలానికి ఆనించి వదలండి. ఫోన్ కెమెరాను గుర్తుల ఎత్తులోనే పెట్టి స్లో మోషన్‌లో తీయండి. ఆముదంలో బాల్ రెండు మూడు సెకన్లలో దిగిపోతుంది, చేత్తో స్టాప్‌వాచ్ నొక్కితే ఆ తప్పే పది శాతం తినేస్తుంది.

పై సగానికి, కింది సగానికి పట్టిన కాలాలు సమానంగా వచ్చాయో లేదో చూడండి. సమానమైతే బాల్ స్థిర వేగంలోనే ఉన్నట్టు. కింది సగం తేడాగా వస్తే ద్రవం అడుగున ఒక ఉష్ణోగ్రత, పైన ఒక ఉష్ణోగ్రత ఉందని అనుమానించాలి.

లెక్క ఇలా. బాల్ వ్యాసం వర్గాన్ని, బాల్‌కూ ద్రవానికీ ఉన్న సాంద్రత తేడాతో, గురుత్వ త్వరణంతో గుణించి, 18తోనూ వేగంతోనూ భాగించాలి. తిరుపతి అక్షాంశం దగ్గర గురుత్వ త్వరణం 9.78 తీసుకోవచ్చు. జాడీ గోడలు బాల్‌ను కొంత నెమ్మదింపజేస్తాయి కాబట్టి కొలిచిన వేగాన్ని సవరించాలి. బాల్ వ్యాసాన్ని జాడీ లోపలి వ్యాసంతో భాగించి, 2.4తో గుణించి, ఒకటి కలపండి. వచ్చినదానితో వేగాన్ని గుణించండి.

30 డిగ్రీల ఆముదంలో 20 సెంటీమీటర్ల దూరానికి 2.7 సెకన్లు, జాడీ వెడల్పు 5 సెంటీమీటర్లు అనుకుందాం. వేగం సెకనుకు 7.41 సెంటీమీటర్లు. సవరణ గుణకం 1.152. సవరించిన వేగం 8.54. స్టీలు సాంద్రత 7800, ఆముదం 955 కిలోలు ఘనపు మీటరుకు. వ్యాసాన్నీ వేగాన్నీ మీటర్లలోకి మార్చి అన్నీ వేస్తే 0.44 పాస్కల్-సెకను, అంటే 440 మి.పా.సె. పట్టిక విలువ 451కి ఇది చాలా దగ్గర.

ఇదే బాల్‌ను చెనిక్కాయ నూనెలో వేసి ఇదే సూత్రం వాడకండి. అక్కడ బాల్ మరీ వేగంగా పడి వెనకాల సుడులు లేపుతుంది, స్టోక్స్ సూత్రం పనిచేయదు. పరీక్ష తేలికే. ద్రవం సాంద్రత, వేగం, బాల్ వ్యాసం మూడింటి లబ్ధాన్ని వచ్చిన స్నిగ్ధతతో భాగించండి. ఈ రేనాల్డ్స్ సంఖ్య ఒకటి లోపు ఉండాలి. పై ఆముదం లెక్కలో అది సగం దగ్గర ఉంది. బాల్‌ను బయటికి తీయడానికి పాత స్పీకర్ అయస్కాంతాన్ని జాడీ గోడ వెంట పైకి లాగితే చాలు.

తేనె సాధారణంగా 2,000 నుంచి 10,000 మి.పా.సె. మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అందులోని తేమే దీన్ని నిర్ణయిస్తుంది. చిక్కగా ఉంది కాబట్టి అసలైన తేనె అని ఎవరైనా చెబితే నమ్మకండి, చక్కెర పాకాన్ని కూడా అంతే చిక్కగా చేయవచ్చు.

ద్రావణాల తీరు

ద్రావణంలో ఎంత కలిపితే అంత పెరుగుతుందని అనుకోవడం సహజం. చక్కెర దాన్ని ఒప్పుకోదు. 20 డిగ్రీల దగ్గర 20 శాతం ద్రావణం 1.95, 40 శాతం 6.2, 60 శాతం 58. మొదటి 20 శాతం నీటిని రెండింతలు చేస్తే, చివరి 20 శాతం తొమ్మిది రెట్లకు పైగా పెంచేసింది. శ్రీవారి లడ్డూకైనా, చిత్తూరు బెల్లానికైనా పాకం దగ్గర నిలబడ్డ మనిషి చివరి నిమిషాల్లో కన్ను తిప్పడు. కారణం ఈ అంకెల్లోనే ఉంది. నీరు తగ్గేకొద్దీ ప్రతి చెంచాడు నీటికీ స్నిగ్ధత ఇంకా ఎక్కువగా ఎగబాకుతుంది. పైగా పొయ్యి మీద పలచగా కనిపించే పాకం చల్లారాక గట్టిపడుతుంది. అందుకే ఒక చుక్కను చల్లటి నీళ్లలో వేసో, వేళ్ల మధ్య తీగ లాగో చూస్తారు.

ఉప్పు అంత పని చేయదు. 10 శాతం ఉప్పునీళ్లు 20 డిగ్రీల దగ్గర 1.19, 20 శాతం 1.56. పొటాషియం క్లోరైడ్ అయితే ఈ ఉష్ణోగ్రత దగ్గర నీటి స్నిగ్ధతను కొంచెం తగ్గిస్తుంది కూడా. ఇక ఇథనాల్ చాలా ఆశ్చర్యపరుస్తుంది. 20 డిగ్రీల దగ్గర నీళ్లు 1.0, ఇథనాల్ 1.2, కానీ బరువులో 40 శాతం ఇథనాల్ ఉన్న మిశ్రమం 2.9. రెండు పలచని ద్రవాలు కలిసి రెండింటికంటే చిక్కనయ్యాయి. వాటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడమే కారణం. ల్యాబులో వీలైతే ఈ ఒక్క గ్రాఫు తప్పక గీయండి. మంట దగ్గర మాత్రం వద్దు. పెట్రోలు, అసిటోన్ ఇంట్లో కొలవనే వద్దు.

ఒక్క అంకెలో ఇమడనివి

చిత్తూరు ఫ్యాక్టరీల్లో తీసే తోతాపురి గుజ్జు, మదనపల్లె టమాటాతో చేసిన సాస్, రాగి జావ, పెరుగు, దోసె పిండి న్యూటన్ మాట వినవు. కలియబెడితే పలచబడతాయి. మొక్కజొన్న గంజిపిండిని (కార్న్‌ఫ్లోర్) కొద్ది నీళ్లతో కలిపితే దానికి రివర్స్‌లో, గట్టిగా కలిపితే బిగుసుకుంటుంది. వీటి స్నిగ్ధత ఎంత అని అడిగితే ఎంత వేగంతో కలుపుతున్నప్పుడు అని ఎదురు అడగాలి. తిరిగే కదురుతో (స్పిండిల్) పనిచేసే విస్కోమీటరుతో కొలిచేవాళ్లు కదురు నంబరు, నిమిషానికి ఎన్ని చుట్లు అన్నది కూడా రాసేది అందుకే.

పండ్ల గుజ్జుకు బాస్ట్‌విక్ పరికరం వాడతారు. అదొక చిన్న తొట్టె. తలుపు ఎత్తితే 30 సెకన్లలో గుజ్జు ఎన్ని సెంటీమీటర్లు జరిగిందో చూస్తారు. ఇంట్లో దీన్ని ఒక సమతలపు ట్రేతో చేయవచ్చు. కింద స్కేలు అతికించి, ఒక చివర అట్టముక్కతో అడ్డుకట్ట వేసి, ప్రతిసారీ ఒకే కొలత గుజ్జు పోసి, అడ్డు తీసి చూడండి. అప్పుడు మీరు రాయాల్సింది మి.పా.సె. కాదు. పోసిన గుజ్జు బరువు, 30 సెకన్లలో జరిగిన దూరం, గుజ్జు ఉష్ణోగ్రత, పోసే ముందు ఎంతసేపు కలియబెట్టారో, ఎంతసేపు కదపకుండా ఉంచారో రాయండి. రాగి జావకైతే దించి ఎన్ని నిమిషాలైందో కూడా చేర్చండి. చల్లారేకొద్దీ గంజి కట్టుకుంటూ పోయి పదినిమిషాలకే వేరే పదార్థం అవుతుంది.